చివరి యాభై అడుగులు

విమానం నేలకి యాభై అడుగుల ఎత్తుకి దిగగానే కాక్‌పిట్‌లో ఒక యంత్రం గొంతు ప్రతి పది అడుగులకీ ఒక అంకె చదువుతుంది. ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ, ట్వంటీ, టెన్. మామూలు మూడు డిగ్రీల వాలులో దిగే ఎయిర్‌బస్ ఏ320 నిమిషానికి సుమారు 700 అడుగుల చొప్పున కిందికి వస్తుంటుంది. అంటే సెకనుకి దాదాపు 12 అడుగులు. ముక్కు కాస్త పైకెత్తి, ఆ దిగుడు వేగాన్ని తగ్గించి, చక్రాలను రన్‌వే మీద మెత్తగా ఆనించడానికి పైలట్ చేతిలో ఉండేది ఐదారు సెకన్లు. ఆ కాస్సేపూ ఆయన చూపు మీటర్ల మీద ఉండదు, రన్‌వే అవతలి కొస మీద ఉంటుంది. రెండు పక్కలా నేల ఎలా పైకి లేస్తోందో కంటి కొసలే పసిగట్టి చేతికి చెబుతాయి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సిమ్యులేటర్‌లో ఎగిరేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. సరిగ్గా ఆ క్షణాన తెర అర సెకను బిగుసుకుపోతే ఆరడుగుల ఎత్తు కంటికి ఆనకుండానే కరిగిపోతుంది. మళ్ళీ బొమ్మ కదిలేసరికి చక్రాలు రన్‌వేని గుద్దేసి ఉంటాయి.

ఫ్లయిట్ సిమ్యులేటర్ కోసం గ్రాఫిక్స్ కార్డు ఎంచుకునే ఆలోచన ఆ ఐదారు సెకన్ల నుంచి మొదలుకావాలని నేను గట్టిగా నమ్ముతాను. దుకాణంలో కౌంటర్ దగ్గర జరిగే సంభాషణ వేరుగా ఉంటుంది. ఏ కార్డు సెకనుకి ఎన్ని ఫ్రేములు ఇస్తుంది, కొత్తగా వచ్చింది ఏది, అన్నింటికన్నా పెద్దది ఎంత అన్నవే అక్కడ ప్రశ్నలు. వెంటాడి కాల్చే ఆటలకి అవి సరైన ప్రశ్నలే కావచ్చు. ఎగరడానికి కావలసింది నిలకడైన చూపు. సెకనుకి సగటున 60 ఫ్రేములు వస్తూ, దిగే సమయంలో పదిహేనుకి పడిపోయే కంప్యూటర్ కన్నా, ఎప్పుడూ 30 దగ్గర కదలకుండా నిలిచే కంప్యూటర్ మేలు. 140 నాట్ల వేగంతో వచ్చే విమానం సెకనుకి 72 మీటర్లు ముందుకి పోతుంది. 30 ఫ్రేముల దగ్గర ఒక్కో బొమ్మకీ మధ్య రెండున్నర మీటర్ల లోపే తేడా. కన్ను ఆ తేడాకి ఇట్టే అలవాటుపడుతుంది. అది మాటిమాటికీ మారిపోతుంటేనే తట్టుకోలేదు.

ఈ సిమ్యులేటర్ల పుట్టుక గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆశ్చర్యం వేస్తుంది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, తండ్రి నడిపే ఆర్గాన్ వాద్యాల కర్మాగారంలో నేర్చిన పనితనంతో, తిత్తుల్లోకి గాలి ఊదుతూ ఊగే ఒక బుల్లి విమానాన్ని తయారుచేశాడు. మూత వేసుకుని లోపల కూర్చుంటే బయటి ప్రపంచం ఏమీ కనిపించదు. ఎదురుగా మీటర్లు మాత్రమే. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పనికి దిగి, మంచులో, మబ్బుల్లో దారి తెలియక పైలట్లను పోగొట్టుకుంది. ఆ తరవాతే లింక్ యంత్రాలు ఆరు కొన్నది. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది అందులో కూర్చుని నేర్చుకున్నారు. మొట్టమొదటి గొప్ప సిమ్యులేటర్‌కి కిటికీయే లేదన్నమాట.

ఇళ్ళలోని కంప్యూటర్లలో ఆ కిటికీ తెరిచినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో ఆయన రాసిన సిద్ధాంతవ్యాసం, ఎగిరే విమానం నుంచి కనిపించే దృశ్యాన్ని కంప్యూటర్‌తో గీయడం గురించే. ఆ పని నుంచే యాపిల్-2 యంత్రానికి ఆయన తొలి ఫ్లయిట్ సిమ్యులేటర్ వచ్చింది. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీకి చేరింది. మొదట్లో నేలంటే కొన్ని గీతలు, కొండంటే మరికొన్ని గీతలు. చూసేవాళ్ళు ఆ గీతల్లోనే దిగంతాన్ని పోల్చుకున్నారు, రన్‌వేని పట్టుకున్నారు, దిగారు. ఆ తరం మరిచిపోకుండా మనకి నేర్పింది ఒకటుంది: దిగడానికి కావలసిన చూపు చాలా తక్కువ. మిగతాదంతా ఆనందం కోసం. ఆ ఆనందాన్ని నేనేమీ చిన్నచూపు చూడను. ఖర్చు ఎక్కువగా ఎక్కడ పెడుతున్నామో తెలిసి పెట్టాలంటాను, అంతే.

చిన్నప్పుడు మా ఇల్లు బేగంపేట విమానాశ్రయం గోడకి దగ్గరలో ఉండేది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగులు, ఎయిర్‌బస్సులు, వాయుదూత్ డోర్నియర్లు డాబా మీద నుంచి చూస్తూ పెరిగాం. చప్పుడుని బట్టి ఏ విమానమో చెప్పే పిల్లలు మా వీధిలో ఉండేవారు. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలయ్యాక ఆ ఆకాశం ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఇప్పుడు వింగ్స్ ఇండియా ప్రదర్శనలప్పుడు మళ్ళీ కాస్త సందడి చేస్తుంది. సిమ్యులేటర్‌లో మాత్రం నేను తూర్పు నుంచి 27వ రన్‌వేకి ఏ320 తెచ్చి దింపుకుంటాను, ఎడమ పక్క హుస్సేన్‌సాగర్ చూసుకుంటూ. ఇది నాకు ఆట అనిపించదు. పైలట్ కావడానికి కళ్ళో, డబ్బో, ఇంటి పరిస్థితో కలిసిరాని వాళ్ళు మన ఊళ్ళలో వేలమంది ఉన్నారు. వాళ్ళకి ఆకాశం దక్కే దారి ఇదొక్కటే. అందుకే ఈ కొనుగోలులో వాళ్ళు మోసపోకూడదని నా ఆరాటం.

అసలు సంగతి ప్రాసెసర్ దగ్గర ఉంది. గాలి రెక్కని ఎంత బలంతో పైకెత్తుతోంది, ఇంజిన్ ఎంత ఇంధనం తాగుతోంది, కంప్యూటర్ నడిపే ఇతర విమానాలు ఎక్కడున్నాయి, ముందున్న ఊరిలో ఇళ్ళు ఎక్కడెక్కడ కట్టాలి, ఇవన్నీ ప్రాసెసర్ లెక్కగట్టి ఇవ్వాలి. అప్పుడుగానీ కార్డు బొమ్మ గీయలేదు. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు పదిమంది ఉన్నా గాడిపొయ్యి మీద అన్నం ఉడకకపోతే విస్తరి ఖాళీగానే ఉంటుంది. సిమ్యులేటర్‌లో ఖరీదైన కార్డు చాలాసార్లు అలా గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. పైగా ఈ లెక్కల్లో చాలా భాగం ఒకే వరసలో, ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే సాగాలి. 2006లో వచ్చిన ఫ్లయిట్ సిమ్యులేటర్ ఎక్స్‌కి ఇదే శాపమయింది. ప్రాసెసర్ల వేగం ఏటేటా పెరుగుతూనే పోతుందన్న నమ్మకంతో దాన్ని కట్టారు. తీరా లోకం వేగం పెంచడం ఆపి కోర్ల సంఖ్య పెంచే దారి పట్టింది. ఏళ్ళు గడిచి ఎంత కొత్త కార్డు పెట్టినా పెద్ద విమానాశ్రయంలో అది కుంటుతూనే ఉండేది.

2020 ఆగస్టులో బోర్డో నగరంలోని అసోబో స్టూడియో తయారుచేసిన కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ వచ్చాక చాలా మారింది. భూగోళమంతా ఉపగ్రహ చిత్రాలతో, 37,000 విమానాశ్రయాలతో ఇంటికొచ్చింది. 2024 నవంబరులో దాని తరవాతి కూర్పూ వచ్చింది. అయినా ఒక్క కోర్ మీద సాగే ఆ ప్రధాన వరస బాధ పూర్తిగా పోలేదు. ఇందులో డెవలపర్ మోడ్ అని ఒకటుంది. దాన్ని ఆన్ చేసి ఫ్రేముల లెక్క తెర మీదికి తెచ్చుకుంటే, మీ కంప్యూటర్‌ని వెనక్కి లాగుతున్నది ఎవరో అదే చెబుతుంది. ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని కనిపిస్తే ప్రాసెసర్ వెనకబడిందన్నమాట. ఆ మాట కనిపిస్తుండగా కొత్త కార్డు కొనడమంటే డబ్బు పారబోసుకోవడమే. ఏఎమ్‌డీ 2022లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్లను సిమ్యులేటర్ ప్రియులు ఎందుకంత ప్రేమించారో ఇక్కడే అర్థమవుతుంది. పొర మీద పొర పేర్చి ఆ చిప్పులో మొత్తం 96 మెగాబైట్ల క్యాష్ పెట్టారు. మాటిమాటికీ కావలసిన సమాచారం చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. చాలామందికి కార్డు మార్చకుండానే దిగుడు నునుపైంది.

సెట్టింగుల్లో దేని బరువు ఎవరి మీద పడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. నేల ఎంత దూరం దాకా వివరంగా కనిపించాలన్న కొలబద్దా, విమానాశ్రయంలో తిరిగే వాహనాలూ విమానాలూ ప్రాసెసర్ నెత్తిన కూర్చుంటాయి. మబ్బులు, నీడలు, తెర మీది చుక్కల సంఖ్య కార్డు మీద పడతాయి. మబ్బులు మరీ బరువు. జులైలో వాన పొరల్లోంచి గన్నవరం దిగి చూడండి, కార్డు ఫ్యాన్ల హోరు మారడం చెవికే తెలుస్తుంది.

ఇక మెమొరీ. నా లెక్కలో కార్డుకి దీన్ని మించిన గుణం లేదు. కింద పొలాలు, రెక్క మీది రాతలు, కాక్‌పిట్‌లో ప్రతి స్విచ్ పక్కనున్న అక్షరం, అన్నీ బొమ్మలుగా కార్డు సొంత మెమొరీలో ఉండాలి. చోటు చాలకపోతే కంప్యూటర్ ర్యామ్‌లోకి పొర్లుతాయి. అక్కడి నుంచి మళ్ళీ తెచ్చుకునే దారి ఇరుకు. ఆ తెచ్చుకోవడంలోనే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఇది ఎప్పుడు జరుగుతుందో గమనించారా? 35,000 అడుగుల ఎత్తులో జరగదు, అక్కడ కింద గీయాల్సింది ఎంతో లేదు. పెద్ద విమానాశ్రయం దగ్గరపడుతుంటే టెర్మినల్, వరసగా నిలిపిన విమానాలు, చుట్టూ నగరం, మన సొంత కాక్‌పిట్ ఒకేసారి మెమొరీ తలుపు తడతాయి. సరిగ్గా చక్రాలు దించే వేళకి కార్డు నిండిపోతుంది. అందుకే 8 జీబీ కార్డు ఎంత చురుకైనదైనా, దాని జోలికి వెళ్ళొద్దనే చెబుతాను. 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3070 చురుకైనదే, దాని మెమొరీ 8 జీబీ. ఆ మరుసటి ఏడు దానికన్నా చవగ్గా వచ్చిన 3060లో 12 జీబీ పెట్టారు. 4060 టీఐ, 5060 టీఐ కార్డులను ఒకే చిప్పుతో 8, 16 జీబీల్లో రెండు రకాలుగా అమ్మారు. పెట్టె మీద పేరు ఒకటే. చిన్న అక్షరాల్లో ఉన్న ఆ అంకె చదవనివాళ్ళు నష్టపోయారు. 2024 కూర్పుకి ఉత్తమ స్థాయిగా తయారీదార్లే 12 జీబీ కార్డునీ, 64 జీబీ ర్యామ్‌నీ సూచించారు.

ఎంత ఖరీదు పెట్టినా కార్డు చేయలేని పని ఒకటుంది. ఏటీఆర్ 72లో నైరుతి నుంచి రాజమండ్రి మధురపూడికి వస్తుంటే కొవ్వూరు దాటాక గోదావరి మీదుగా వెళతాం. ఆ ప్రయాణం నాకు ప్రాణం. కానీ కింద కనిపించే నది ఉపగ్రహం ఫోటో తీసిన రోజున ఉన్న నది. వరదల నెలలో ఎగిరినా, ఎండల నెలలో ఎగిరినా ఆ నీళ్ళు అంతే, ఆ ఇసుక తిన్నెలు అక్కడే. మన పల్లెల్లో పెంకుటిళ్ళు, డాబాలు ఉన్నవి ఉన్నట్టు కనిపించవు. ఆస్ట్రియాలోని బ్లాక్‌షార్క్ అనే సంస్థ సాయంతో, పైనుంచి తీసిన బొమ్మలో కప్పుని గుర్తుపట్టి యంత్రమే ఊహించి కట్టిన ఇళ్ళు అవి. లండన్, న్యూయార్క్ లాంటి నగరాలకి అన్ని కోణాల నుంచీ తీసిన ఫోటోలతో ప్రతి మేడా అచ్చుగుద్దినట్టు నిలబెట్టారు. మన ఊళ్ళలో ఎక్కువ భాగానికి ఆ భాగ్యం ఇంకా రాలేదు. సమాచారం లేనిచోట రెండు లక్షల రూపాయలు దాటిన ఆర్‌టీఎక్స్ 5090 కూడా మా గోదావరి గట్టుని గీయలేదు. తెలుగు నేల మీదే ఎక్కువగా ఎగిరేవాళ్ళు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. మాన్‌హట్టన్ మీద తిరగడానికి కావలసినంత కార్డు కడప రన్‌వేకి అక్కర్లేదు.

మా అన్నయ్య కూతురు కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం చదువుతోంది. ఆ లైసెన్సుకి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటల నిజమైన ఎగురుడు. ఇంట్లో సిమ్యులేటర్‌లో ఎగిరిన గంట ఒక్కటీ ఆ లెక్కలోకి రాదు. అయినా ఇంట్లో సెస్నా 172లో రన్‌వే చుట్టూ సర్క్యూట్లు తిరగడం సాధన చేస్తుంది. “బాబాయ్, ఇన్‌స్ట్రక్టర్ గారు ఎప్పుడూ బయటికి చూడమ్మా, బయటికి చూడు అంటారు. భుజం మీదుగా వెనక రన్‌వే కనపడాలి నాకు” అంది. దాని అవసరం ఎంత స్పష్టమైనదో చూడండి. మబ్బుల సొగసు దానికి అక్కర్లేదు. పక్కలకి చూపు కావాలి. అందుకు మూడు మామూలు మానిటర్లు వరసగా పెట్టుకోవచ్చు. ఒక ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు 20,73,600. మూడు కలిస్తే 62 లక్షలు దాటతాయి. ఒక 4కే తెర అయితే 82,94,400. ప్రతి ఫ్రేముకీ అన్ని చుక్కలకీ రంగు వేయాల్సింది కార్డే. మూడు మానిటర్లకి బదులు తల తిప్పితే దృశ్యం తిరిగే హెడ్‌ట్రాకర్‌ని ఒక్క మానిటర్‌కి జతచేస్తే కార్డు మీది చుక్కల బరువు మూడోవంతుకి దిగుతుంది. దానికి నేను చెప్పింది రెండోదే. డల్లస్‌లో ఉన్న నా స్నేహితుడు వీఆర్ కళ్ళద్దాలు పెట్టుకుని ఎగురుతాడు. రెండు కళ్ళకీ విడివిడి బొమ్మలు గీయాలి. అందులో బొమ్మ ఆగిందంటే తల తిరిగి వాంతి వచ్చేంత పనవుతుంది. 24 జీబీల ఆర్‌టీఎక్స్ 4090 కొన్నానని అతను చెప్పినప్పుడు దండగని నేననలేదు. అతని అవసరం అది.

ఎన్‌విడియా 2022లో తెచ్చిన ఫ్రేమ్ జనరేషన్ గురించి నన్ను తరచు అడుగుతుంటారు. రెండు నిజమైన బొమ్మల మధ్య మూడోదాన్ని యంత్రమే ఊహించి దూరుస్తుంది. గురిచూసి కాల్చే ఆటల్లో దీనివల్ల చెయ్యి ఆలస్యమైనట్టు అనిపిస్తుంది. విమానంలో ఆ తొందర లేదు కాబట్టి మనకి బాగానే పనికొస్తుంది. వైజాగ్ దగ్గర తీరం వెంట పోతుంటే ఆ నునుపు హాయిగా ఉంటుంది. రెండు ఇబ్బందులున్నాయి. అసలు బొమ్మలే సెకనుకి పాతిక కూడా రాని కంప్యూటర్‌లో ఊహ కూడా తడబడుతుంది. తక్కువ చుక్కలతో గీసి పెంచి చూపే డీఎల్‌ఎస్‌ఎస్‌తో కలిపి వాడితే కాక్‌పిట్ తెరల మీద గబగబా మారే ఎత్తు అంకెలు అలుక్కుపోయినట్టు కనపడతాయి. ఎత్తు చదవలేని పైలట్‌కి సముద్రం ఎంత అందంగా ఉంటే ఏం? ఆ హంగులు లేకుండా 30 నిలకడగా ఇచ్చే కార్డుని ఎంచుకుని, వాటిని పైచేర్పుగా వాడుకోవాలి.

ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ వాడేవాళ్ళకి ఒక మాట. 2020లో అది బొమ్మలు గీయడానికి వల్కన్ అనే కొత్త పద్ధతికి మారేదాకా ఏఎమ్‌డీ కార్డులు అందులో వెనకబడేవి. ఇప్పుడా భయం లేదు. అదే డబ్బుకి ఎక్కువ మెమొరీ ఇచ్చే ఏఎమ్‌డీ రేడియాన్ కార్డు దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

కరెంటు సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. ఆర్‌టీఎక్స్ 4070 200 వాట్లు తాగుతుంది, 5090 575 వాట్లు. తాగినదంతా గదిలోకి వేడిగానే వస్తుంది. మే నెల హైదరాబాద్‌లో, ఏసీ లేని గదిలో ఆ తేడా ఒంటికే తెలుస్తుంది. మన ఇళ్ళలో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ పెద్ద కార్డుని మోయలేదు. శంషాబాద్ రన్‌వేకి ఎదురుగా దిగుతుండగా కరెంటు పోతే, రెండు గంటల ప్రయాణం అక్కడితో సరి.

2021లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కార్డుల కోసం తిరిగినవాళ్ళకి ఆ కరువు గుర్తుండే ఉంటుంది. క్రిప్టో తవ్వేవాళ్ళు ఎగరేసుకుపోగా మిగిలిన కార్డులకి దుకాణాల వాళ్ళు చెప్పిందే ధర. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో దాన్ని తవ్వడం ఆగింది. నెలల తరబడి రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చిపడ్డాయి. పాత కార్డు కొనడం తప్పేమీ కాదు. బిల్లు, మిగిలిన వారంటీ చూసుకుని, దుకాణంలోనే అరగంటసేపు నడిపించి కొనండి. తలుపు దగ్గరే బేరం ముగించేవాడి దగ్గర వద్దు.

కాబట్టి ముందు మీ తెర ఏదో తేల్చుకోండి. ఏ విమానంలో, ఏ ఊళ్ళ మీద ఎక్కువగా ఎగురుతారో కాగితం మీద రాసుకోండి. డెవలపర్ మోడ్‌లో ప్రాసెసర్ వెనకబడిందో కార్డు వెనకబడిందో చూడండి. ఒక్క 1440పీ మానిటర్ ఉన్నవాళ్ళలో చాలామందికి 12 జీబీకి తగ్గని, వీలైతే 16 జీబీ ఉన్న మధ్యస్థాయి కార్డు చాలు. ఫ్రేములను 30 దగ్గరో, 120 హెర్ట్జ్ తెర అయితే 40 దగ్గరో కట్టేసుకోండి. వీఆర్‌కి, 4కేకి తప్ప పైరకం కార్డు వద్దు. మిగిలిన డబ్బు మంచి ప్రాసెసర్‌కీ, 32 జీబీ ర్యామ్‌కీ, ఒక జత రడ్డర్ పెడల్స్‌కీ పెట్టండి.